కనపడలేదని రాయడం కూడా పనే

గోదావరిఖని,
జనవరి 2026

శ్రావణీ,

పులుల లెక్కకు వాలంటీర్‌గా నీ పేరు వచ్చిందని, కవ్వాల్ అడవిలో వారం రోజులు నడవాలని మీ నాయిన ఫోన్‌లో చెప్పిండు. ఆయన గొంతులో సంతోషం పావు వంతు, భయం ముప్పావు. మీ అమ్మయితే "పులులుండే కాడికి ఆడపిల్లను పంపుతరా బావా" అని నన్నే నిలదీసింది, పంపేది నేనైనట్టు. వాళ్లిద్దరికీ ధైర్యం చెప్పిన. నీకు ఆ అవసరం లేదు. నీకున్నది భయం కాదు, తొందర. "పులి కనపడంగనే ఫోటో పంపుత పెద్దబాపూ" అని నువ్వు పెట్టిన మెసేజ్ చూసినంకనే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్‌లో చెప్తే సగం వింటవ్, మిగిలిన సగానికి సరే సరే అంటవ్. కాయితమైతే బ్యాగులో పడి ఉంటది.

ముందు ఒకటి తేల్చుకో. నువ్వు పోయేది పులిని చూడటానికి కాదు. నీకు ఇచ్చిన బీటులో, అంటే అడవి ముక్కలో, పులి తిరుగుతుందా, తిరిగితే ఏ గుర్తు విడిచింది, దానికి తిండి అయ్యే జంతువులు ఎన్ని ఉన్నయి, వాటికి మేత ఎట్లుంది, ఇవి రాయడానికి. నాలుగేళ్లకోసారి దేశమంతటా జరిగే పని ఇది. మొదటి మూడు రోజులు మాంసం తినే జంతువుల జాడ వెతుక్కుంట నడవాలె, రోజుకు 5 కిలోమీటర్లు తక్కువ కాకుంట. ఆ తర్వాత మూడు పొద్దులు 2 కిలోమీటర్ల గీత మీద నడవాలె, దాన్ని ట్రాన్సెక్ట్ అంటరు. మాట్లాడకుంట, చప్పుడు చేయకుంట నడుస్తూ కనపడ్డ దుప్పి, కణితి, నీలుగాయి, అడవిపంది ఎన్ని, ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నయో రాయాలె. అదే గీత మీద చెట్లు, గడ్డి, పెంటికలు కూడా లెక్క పెడతరు. అంతా ఎం-స్ట్రైప్స్ అనే యాప్‌లోకి ఎక్కుతది. క్యాంపు నుంచి గీత దాకా పోయేది, వచ్చేది కలుపుకుంటే రోజుకు పది, పన్నెండు కిలోమీటర్లు పడుతయి. చూడబోతే వాకింగే గదా అనిపిస్తది. మూడో రోజు మోకాళ్లు చెప్తయి అది ఏమి వాకింగో.

ఇగ పులి సంగతి. 2006లో ఈ కొత్త పద్ధతిలో మొదటిసారి లెక్క తీసినప్పుడు దేశంలో 1,411 పులులు తేలినయి. 2022 లెక్కకు అవి 3,682 అయినయి. దేశమంతా పెరుగుతుంటే మన తెలంగాణలో 2018లో 26 ఉన్నవి 2022లో 21కి దిగినయి. ఆ ఉన్నవాటిలో ఎక్కువ భాగం కింద నల్లమలలోని అమ్రాబాద్‌వి. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయ్యింది. కోర్ ఏరియా దాదాపు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టూ బఫర్ ఇంకో 1,123. ఇంత జాగా ఉన్నా ఆ కోర్‌లో ఏళ్ల తరబడి కాపురం పెట్టిన పులి లేదు. మహారాష్ట్రలో తాడోబా నిండిపోయి, అక్కడి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ దిక్కు వస్తున్నయి, అక్కడ పిల్లలను పెడుతున్నయి. కాగజ్‌నగర్ నుంచి కవ్వాల్‌కు వచ్చే తొవ్వలో రోడ్లున్నయి, రైలు పట్టాలున్నయి, పత్తి చేన్లున్నయి, మన బొగ్గుబాయిలూ ఉన్నయి. కాబట్టి నువ్వు నడిచే బీటులో వారం తిరిగినా పులి గుర్తు ఒక్కటి కూడా దొరకకపోవచ్చు. నన్నడిగితే దొరకదనే అంటా.

నేను రాసేదంతా ఆ దొరకని రోజు గురించే.

నేను బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్‌గా ఏమి చేసేటోన్నో నీకు ఎప్పుడూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. మనుషులు పనిలోకి దిగకముందు సర్దార్ తన జాగా అంతా తిరిగి చూడాలె. గ్యాస్ ఉందా, గాలి ఆడుతుందా, పైకప్పు ఎట్లుంది. కప్పును చూసుడంటే కండ్లతో చూసుడు కాదు. చేతిలో కర్ర ఉంటది. దానితో పైన తట్టాలె. గట్టి కప్పయితే ఖంగుమంటది. పొర విడిచిన కప్పయితే డొల్ల సప్పుడు వస్తది. ఆ సప్పుడు కూడా ఒక్కోసారి మోసం చేస్తది. అప్పుడు ఒక చేత్తో కర్ర పట్టి తట్టుకుంట, రెండో అరచేతిని కప్పుకు ఆనించి పెట్టాలె. లోపల పొర విడిస్తే అరచేతికి సన్నగా అదురు తెలుస్తది. గట్టిదైతే చెయ్యి మీద ఏమీ తెలువది. ఇట్ల జానెడు జానెడు జరుపుకుంట పోవాలె. షిఫ్ట్ అయినంక పైకి వచ్చి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలె. ఆ సంతకాన్ని నమ్మి పక్క షిఫ్ట్ మనుషులు కింద కూసుంటరు, టిఫిన్ డబ్బా విప్పుకుంటరు.

చాలా రోజులు ఏమీ దొరకదు. కప్పు గట్టిగనే ఉంటది. గట్టిగ ఉందని రాయడానికి కూడా అంతే సేపు తట్టాలె, అదే అసలు కష్టం. ఏ పనిలోనైనా నిన్నటి పేజీ చూసి ఇయ్యాల్టి పేజీ దింపే రాతగాళ్లు ఉంటరు. అడవిలో ఇంకో రకం రాతగాళ్లు కూడా ఉంటరని విన్న. వారమంతా నడిచి ఉత్త చేతులతో పోతే నామోషీ అని, కుక్క అడుగును చిరుత అడుగని, చిరుత అడుగును పులి పిల్ల అడుగని రాసేటోళ్లు. ఇది చిన్న అబద్ధం లెక్క కనపడుతది. కాదు.

రాజస్థాన్‌లో సరిస్కా అని ఒక పులుల అడవి ఉంది. 2004లో అక్కడ పదహారో పద్దెనిమిదో పులులున్నయని సర్కారు కాయితాల్లో ఉంది. 2005 మొదట్లో వెతికితే ఒక్కటి లేదు. వేటగాళ్లు ఒక్కొక్కదాన్నే ఖతం చేసిన్రు. పుస్తకంలో పులులు బతికే ఉన్నయి కనుక అడవిలో చస్తున్నయని ఎవరికీ అనుమానం రాలేదు. దేశమంతా తలదించుకున్న సంగతి అది. అప్పటిదాకా అడుగుజాడల అచ్చులు తీసి ఇది ఫలానా పులిది, అది ఫలానా పులిదని లెక్క కట్టేటోళ్లు. ఆ పద్ధతిని మూలకు పెట్టి, గుర్తుల సర్వే, ట్రాన్సెక్ట్, కెమెరాలు కలిపి ఇప్పుడు నువ్వు పోతున్న ఈ పద్ధతి తెచ్చింది ఆ తర్వాతనే. సరిస్కాకు 2008లో రణథంబోర్ నుంచి హెలికాప్టర్లో పులులను మోసుకపోవాల్సి వచ్చింది. రాసినోళ్లు 'లేదు' అని రెండేళ్ల ముందు రాసి ఉంటే ఆ తిప్పలు ఉండకపోయేటియి.

కాబట్టి బిడ్డా, గుర్తు దొరక్కపోతే దొరకలేదని రాయి. సున్నా పెట్టడానికి చెయ్యి వణకొద్దు. అనుమానం ఉంటే అనుమానమనే రాయి. నీకు తెలువనిది పక్కనున్నోళ్లను అడుగు.

పక్కనుండేదెవరంటవా? బీట్ ఆఫీసర్ ఒకరు ఉంటరు. ఈ మధ్య ఆ ఉద్యోగంలోకి ఆడపిల్లలు బాగా వస్తున్నరు, నీ ఈడుదే కావచ్చు. ఆమెతోని ఒక వాచర్ ఉంటడు, గోండు కావచ్చు, నాయక్‌పోడ్ కావచ్చు, ఆ ఊరి మనిషే. చదువులో నీకంటే తక్కువ, అడవిలో నీకు గురువు. ఆయన ఆగితే ఆగు. ఎందుకు ఆగిండని గట్టిగ అడగకు, నీకు వినపడనిది ఏదో ఆయనకు వినపడి ఉంటది. ఆయనను 'అన్నా' అనో 'కాకా' అనో పిలువు. 'ఓయ్' అని పిలిచే పట్నపోళ్లను చూసిన, వాళ్లకు అడవి ఏమీ చెప్పలేదు. బాయిలో సర్దార్ ఆగుమన్నకాడ మేనేజరైనా ఆగాలె. అక్కడ ఆయనే సర్దార్.

నాతోని టింబర్‌మన్‌గా చేసిన దోస్తు ఒకడు జన్నారం దిక్కు నాయక్‌పోడ్ మనిషి. బాయిలో కప్పుకు ఆపుగా పెట్టే దుంగలు, చెక్కలు అడవి నుంచే వచ్చేటియి. పుట్టిన అడవి కట్టెను భూమి లోపల నిలబెట్టే పని వానికి దొరికింది. సెలవులకు వాని ఊరికి పోయినప్పుడు కడెం వాగు ఇసుకలో కూసొని నాకు అడుగులు చదవడం నేర్పిండు. పులి, చిరుత నడిస్తే గోరు గుర్తు పడదు, గోర్లు లోపలికి ముడుచుకొని నడుస్తయి. కుక్క, నక్క, రేసుకుక్క అడుగులో గోరు దిగి ఉంటది. పులి మడమ దిండు వెనుక అంచు మూడు ముక్కలుగా ఉంటది. అడుగు ఎప్పటిదో తెలుసుకునుడు ఇంకా మజా. అంచులు పదునుగా నిలిచి ఉంటే కొత్తది. అంచు ఇసుక లోపలికి జారి, పైన మంచు తడి పడి ఎండి సన్నటి పెచ్చు కట్టి ఉంటే రాత్రి మొదట్లో నడిచింది. అడుగు మీదుగా పురుగు నడిచిన గీత ఉంటే, పురుగు కన్నా ముందే పోయింది. ఆకు అడుగు కింద నలిగి ఉందా, అడుగు మీద రాలి ఉందా చూడు. వాడు ఇదంతా చెప్పి, చివరకు "ఇది దుప్పి, అంతే" అన్నడు. రాత్రంతా జరిగిన కథ చదివి, అందులో పులి లేదని చెప్పిండు. నాకు ఆ మాట బాగా నచ్చింది.

పెంటికలు కూడా చూడు, మొహం తిప్పుకోకు. వెంట్రుకలు, ఎముక ముక్కలు ఉంటే మాంసం తినేదాని పెంట. తునికి గింజలు, చీమల పెంకులు కనపడితే ఎలుగుబంటిది.

ఊర్ల సంగతి కొంచెం సేపు చెప్పాలె. నువ్వు ఒక గూడెంలో ఆగి "ఇక్కడ పులి తిరుగుతుందా" అని అడిగితే చాలామంది "లేదు" అంటరు, లేకపోతే నవ్వి ఊరుకుంటరు. అబద్ధం చెప్తున్నరని అనుకోకు. వాళ్ల లెక్క వేరే ఉంది. పులి ఉందని రాస్తే రేపు ఊరు లేపుతరని వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదు. కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట ఊర్లను, 142 కుటుంబాలను, 2024లో బయటికి తెచ్చి కడెం మండలంలోనే మద్దిపడగ దగ్గర కొత్త కాలనీ కట్టిచ్చిన్రు. వాళ్లు ఒప్పుకొనే వచ్చిన్రు, పిల్లలకు బడి, దవాఖాన దగ్గరైంది. అయినా తాతల నాటి ఊరు విడిచినోళ్ల మాట పక్క ఊర్లకు పోతది గదా. 2025 మేలో తాడోబాకు, కవ్వాల్‌కు నడుమ అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అని 49 నంబర్ జీవో ఇస్తే ఆదివాసీలు రోడ్డెక్కిన్రు, జూలైలో సర్కారు దాన్ని నిలిపేసింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. ఆయన పేరు మీదనే జంగల్‌లోకి రావద్దంటే వాళ్లకు ఎట్లుంటదో నువ్వే ఆలోచించు.

ఇంకో పక్క కూడా చూడు. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరే చేనులో పులి దాడిలో ఒక ఆడమనిషి చచ్చిపోయింది. 2020లో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో ఒకే నెలలో ఇద్దరు పిల్లలు, ఈడు వచ్చిన పిల్లలే, పోయిన్రు. పులి పెరగాలని హైదరాబాద్‌లో కూసొని అనడం తేలిక. నేను పులి పక్షమే, దాచను. అయితే పులితో పాటు బతికేటోని ఖర్చు లెక్కలో రాయనంత కాలం ఆ లెక్క సగమే అంటా. నువ్వు ఈ మాటలు అక్కడ ఎవరితోనూ వాదించకు. ఊరోళ్లు చాయ్ ఇస్తే తాగు, తిండి పెడతమంటే సగం కడుపుకే తిను, మొహమాటానికి ఇంట్లో ఉన్నదంతా వండేస్తరు. నీ దగ్గర యాప్ ఉందని పెత్తనం చూపకు.

పుష్య అమావాస్య దగ్గర పడ్డది, కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశపోళ్లు ఆ పూజకు గంగాజలం కోసం కేస్లాపూర్ నుంచి చెప్పులు లేకుంట నడిచి వచ్చి, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగులో గోదావరి నీళ్లు ముంచుకొని మళ్లీ నడుచుకుంటనే పోతరు. బూట్లు, బ్యాగులు, బాటిళ్లు వేసుకొని మనం వారం నడిచి గొప్పలు చెప్పుకుంటం గాని, ఆ తొవ్వలో అసలు నడక వాళ్లది. ఎవరన్నా ఎదురైతే పక్కకు జరిగి నిలబడు. అడగకుంట ఫోటో తీయకు.

బ్యాగు గురించి ఎక్కువ చెప్పను, మీకు ట్రైనింగ్‌లో చెప్తరు. కొత్త బూట్లు మాత్రం వద్దు. వారం ముందే కొనుక్కొని ఇంట్లో, రోడ్డు మీద తొడుక్కొని తిరుగు. సాక్సులు నాలుగు జతలు, పొడిగ ఉండాలె. కాలు ఎక్కడన్నా కమిలినట్టు వేడిగ అనిపిస్తే అక్కడనే ఆగి బట్ట టేపు అంటించు, క్యాంపుకు పోయినంక చూద్దమనుకుంటే బొబ్బ అయ్యి చిట్లుతది. తెలుపు, ఎరుపు, పసుపు బట్టలు, సెంటు, గలగలలాడే గాజులు వద్దు. జనవరిలో ఆదిలాబాద్ చలి నీకు తెలువదు, తెల్లారుజామున ఎముకలు కొరుకుతది, పదకొండు అయ్యేసరికి ఎండ మాడుస్తది. పొరలు పొరలుగా తొడుక్కో. నీళ్లు మూడు లీటర్లు, ఓఆర్ఎస్ పొట్లాలు. సాయంత్రం పిడుదులు పట్టినయేమో మడతల్లో చూసుకో. ఆడపిల్లగా నీకు తెలువాల్సిన సంగతులు మీ పెద్దమ్మ ఫోన్ చేసి చెప్తది. నేను చెప్పేది ఒక్కటే. పొదల చాటుకు పోవాల్సి వస్తే సిగ్గుపడి చెప్పకుంట పోకు, చెప్పి, వాళ్లు చూసిన జాగాకే పో.

జంతువుల్లో నాకు భయం పులి మీద లేదు, ఎలుగు మీద ఉంది. దానికి చూపు తక్కువ, చెదల పుట్ట తవ్వుతుంటే చెవి కూడా పెట్టదు. మనం దగ్గరికి పోయినంక ఉలిక్కిపడి మీద పడుతది. దట్టమైన పొద, పుట్ట కనపడితే వాచర్‌ను ముందు నడవనీ. అడవిదున్న కనపడితే దారి దానిది. పులి నిజంగనే ఎదురైతే ఉరకకు, వెన్ను చూపకు, ముఖ్యంగ కింద కూసోకు, వంగకు. నిలబడ్డ మనిషిని చూసి తప్పుకునే జంతువు, వంగిన మనిషిని మేసే జంతువు అనుకుంటది. అందరూ దగ్గర దగ్గరగా ఉండి, దాన్నే చూసుకుంట మెల్లగ వెనక్కి జరగాలె.

వీటన్నిటికంటే పెద్ద జంతువు తీగ. చేన్ల అంచున అడవిపంది కోసం కరెంటు తీగలు పెడతరు, ఎక్కువగ రాత్రి పూట. పులులు కూడా వీటికే చచ్చినయి. 2024లో మన మంథని అవతల కాటారం మండలం అడవిలో కూంబింగ్‌లో ఉన్న గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఇట్లాంటి తీగ తగిలే చనిపోయిండు. శిక్షణ ఉన్న మనిషి, తుపాకీ ఉన్న మనిషి. కాబట్టి వెలుతురు సరిగ రాకముందు అడవి అంచు దాటొద్దు. సన్నటి తీగ ఏది కనపడ్డా చేత్తో, కాలుతో, కర్రతో ముట్టకు. ఆగి చెప్పు. దాని జాగా కూడా రాయించు. అది పులి గుర్తు కంటే అక్కెరకు వచ్చే గుర్తు.

ఇగ ఫోటో సంగతి. అదృష్టం బాగుండి పులి కనపడ్డదే అనుకో. నాకు పంపకు. ఎవరికీ పంపకు. ఎక్కడ, ఎప్పుడు తీసినవో ఫోటోలోనే దాగి ఉంటది. గ్రూపులో పెట్టిన గంటకు అది ఎక్కడెక్కడ తిరుగుతదో నీ చేతిలో ఉండదు, తోలు కోసం చూసేటోళ్లకూ ఫోన్లున్నయి. బీట్ ఆఫీసర్‌కు ఇచ్చేయి. మీ దోస్తులకు ఏమి చూపాలంటవా, బొబ్బలెక్కిన కాళ్లు చూపు.

ఇక్కడి నుంచి పొద్దున బస్సెక్కి గోదావరి బ్రిడ్జి దాటితే ఇందారం, శ్రీరాంపూర్, మంచిర్యాల. అక్కడ లక్షెట్టిపేట, జన్నారం బస్సు మారాలె. ముందు రోజే మా ఇంటికి వచ్చి పండుకో, పొద్దున నేనే బస్టాండ్‌లో దింపుత. నా పాత టార్చ్ ఉంది, తీసుకపో, బ్యాటరీలు కొత్తవి వేసి పెట్టిన. వచ్చినంక నీ నోట్‌బుక్ నాకు చూపాలె. సున్నాలున్న పేజీలే ముందు చూస్త. అడవిలో ఫోన్ కలిసిన కాడ మొదలు మీ అమ్మకు చేయి, నాకు తర్వాత.

మీ పెద్దబాపు